సిస్టర్ లేని రోజు

సరస్సు ఒడ్డున నాయకత్వ శిక్షణ ముగించుకుని ఎనెలెస్ సిస్టర్ ఆరోగ్య కేంద్రానికి తిరిగొచ్చేసరికి, కాన్పుకొచ్చిన ఫలేసీని పూడ్చిపెట్టేశారు. కాన్పు సుఖంగానే అయింది. పిల్ల బతికింది. ఆ తర్వాత తల్లికి నెత్తురు ఆగలేదు. ఆపే ఇంజెక్షన్ అక్కడే, ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ తాళంచెవి మాత్రం ఎనెలెస్ బ్యాగులో ఉండిపోయింది.

అంతకుముందోసారి మందులు మాయమైతే జిల్లా ఆఫీసు ఆమెనే నిలదీసింది. అప్పట్నుంచి తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వదు. ఊరెళ్తే కొన్ని ఇంజెక్షన్లు ఐసు డబ్బాలో బయటపెట్టి వెళ్లేది. ఈసారి తీసుకెళ్లడానికొచ్చిన జిల్లా ఆఫీసు బండి గేటు దగ్గర ఒకటే హారన్ కొడుతుంటే ఆ పని మరిచిపోయింది. చిన్న నర్సు టియమికే ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. శిక్షణలో అందరి ఫోన్లూ తలుపు దగ్గర బుట్టలో వేయించారు మరి.

కాన్పులకొచ్చినవాళ్ల బంధువులు వండుకునే పాకలో ఫలేసీ అత్త పసిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఎనెలెస్‌ను చూసి, "సరస్సు దగ్గర చంబో చేప బాగుందా సిస్టర్? ఒళ్లు చేసినట్టున్నారే!" అంది. ఎనెలెస్ తల దించుకుని లోపలికి నడిచింది.

ఆ చావు మీద సమీక్షకు జిల్లా అధికారి గోండ్వే వచ్చాడు. ఎనెలెస్‌ను మేట్రన్ పదవికి సిఫారసు చేసింది ఆయనే. ముందుగా ఆమెను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, డ్యూటీలో ఉన్నది ఆ పిల్ల. తాళం పగలగొట్టాల్సింది. ఉద్యోగం పోతే దానిదే పోతుంది. నువ్వు నోరు విప్పకు."

"నేను లేకుండా ఫ్రిజ్ ముట్టుకుంటే దొంగతనం కిందే లెక్క అని చెప్పింది నేనే సార్."

"సవాలక్ష చెబుతాం. ప్రాణం పోతుంటే కూడా పట్టుకుని వేలాడమన్నామా?"

సమీక్షలో ఆయన టియమికే వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇక్కడ సుత్తి లేదా?"

"ఉంది సార్."

"మరి?"

"సిస్టర్ తిడతారని... మళ్లీ ఫోన్ చేశాను సార్."

గోండ్వేను తీసుకొచ్చిన అంబులెన్సు డ్రైవరు కిసుక్కున నవ్వాడు. ఎనెలెస్ లేచి నిలబడింది.

"ఆ పిల్ల నేను నేర్పిందే చేసింది. నేను నేర్పింది భయం. మందు బయట పెట్టకుండా వెళ్లిందీ నేనే. తప్పు నా పేరున రాయండి."

"మేట్రన్ సంగతి ఇక మరిచిపో," అని గోండ్వే రాయడం మొదలుపెట్టాడు.

సమీక్ష అయ్యాక ఎనెలెస్ వెతుక్కుంటూ వెళ్తే టియమికే వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కనే మడిచిన యూనిఫాం.

"నీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా," అంది ఎనెలెస్.

"ఫలేసీ అత్తే సుత్తి తెచ్చి నా చేతికిచ్చింది సిస్టర్. ‘కొట్టు తల్లీ’ అని కాళ్లు పట్టుకుంది. నేను సుత్తి కింద పెట్టేశాను. అది కూడా మీ పేరునే రాయిస్తారా?"

లోపల కాన్పు గదిలో ఎవరో మూలిగారు. టియమికే కదల్లేదు. ఎనెలెస్ ఒక్కతే లోపలికి వెళ్లింది.