జిపార్కుల్ అపా పాటల్లో ఖాళీలు

నారిన్ పట్టణంలో మా చిన్న ఆఫీసు శోకగీతాల వెబ్‌సైటు నడుపుతుంది. ఎవరికి వచ్చిన పాట వాళ్లు ఇంటి నుంచే టైపు చేసి పంపుతారు. డెబ్బై నాలుగేళ్ల జిపార్కుల్ అపా (పెద్దావిడల్ని మా వైపు అలాగే పిలుస్తాం) తన తల్లి పాడిన రెండు వందల పాటల్ని చలికాలమంతా రెండు వేళ్లతో కొట్టి పంపింది. మార్చిలో ఒక పొద్దున ఆఫీసుకే వచ్చేసింది.

"ఏమ్మా, మా అమ్మ పాటల్ని పిండిముద్ద చేశారేం?" అని మా ప్రోగ్రామరు సైకాల్‌ని నిలదీసింది. తెర మీద పాదాలన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. "ఇలా చదివితే పాడేవాళ్లకి ఊపిరాడుతుందా?"

మా ఆఫీసు పెద్ద మెదెర్‌బెక్‌కు కంగారు పుట్టింది. గురువారం బిష్కెక్ నుంచి ఈ పాటల్ని పుస్తకంగా వేసేవాళ్లు వస్తున్నారు. "డేటాబేస్‌లో ప్రతి పాదం చివరా వరుస విరిచే ట్యాగు పెట్టెయ్. గంటలో పని" అన్నాడు.

సైకాల్ డేటాబేస్ తెరిచింది. అపా కొట్టిన ప్రతి ఎంటరూ భద్రంగా ఉంది. కొన్ని పాదాల ముందు ఖాళీలూ ఉన్నాయి.

"ఇవేంటపా?"

"అక్కడ అమ్మకి గొంతు పూడుకుపోయేది. కాస్త ఆగి ఎత్తుకునేది."

సైకాల్ మెదెర్‌బెక్ వైపు తిరిగింది. అతన్ని మేమంతా బైకె, అంటే అన్న, అని పిలుస్తాం. "బైకె, ఏమీ పోలేదు. పేజీయే చూపించట్లేదు. చూపించే చోట సరిచేస్తా. ఆవిడ రాసింది మాత్రం ముట్టుకోను."

"నీ మొండితనం నీదే!" అని విసుక్కుని అతను పాతిక పాటల్లో ఖాళీలు తీసేసి తనే ట్యాగులు పెట్టేశాడు.

సైకాల్ పేజీ రూపాన్ని నిర్ణయించే ఫైల్లో ఒక్క వరుస రాసింది. పాదాలు విడివడ్డాయి, ఖాళీలు వాటి చోట్లలో నిలిచాయి. అపా తెర చూస్తూ పాట ఎత్తుకుంది. ఖాళీ వచ్చిన చోటల్లా వాళ్లమ్మలాగే కాస్త ఆగింది.

గురువారం వచ్చినవాళ్లు డేటాబేస్‌లోంచే పాటలు తీసుకెళ్లారు. వారం తిరిగేసరికి అచ్చు నమూనా వచ్చింది. మెదెర్‌బెక్ చేసిన పాతికలో పాదం పాదానికీ ట్యాగు గుర్తులు అచ్చయ్యాయి, ఖాళీలు మాయమయ్యాయి. మిగతావి అపా రాసినట్టే ఉన్నాయి.

"పాడుచేశానే! అసలువి ఉన్నాయా?" అన్నాడు తల గోక్కుంటూ.

"మీరు మొదలుపెట్టకముందే నకలు తీసి పెట్టా, బైకె."

అతను పడీపడీ నవ్వాడు. ఆ రోజంతా వచ్చినవాళ్లందరికీ ఆ సంగతి తనే చెప్పుకున్నాడు.

పుస్తకం వచ్చాక అపా మమ్మల్ని భోజనానికి పిలిచింది. గుమ్మానికి ఎదురుగా, ముసలివాళ్లు కూర్చునే చోట సైకాల్‌ని కూర్చోబెట్టింది. పెద్దవాళ్లకు పెట్టే మాంసం ముక్క ఆమె ముందే పెట్టింది.

"ఎవరమ్మా ఈ పిల్ల?" అన్నాడు ఒక పెద్దాయన.

"మా ఇంజనీరు" అంది అపా.

ఇరవై ఆరేళ్ల సైకాల్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించలేదు.