సోలకి వేసిన దొంగ అడుగు

నేను ఒక ఇత్తడి సోలను. బియ్యం కొలిచే సోలను. నాకు అచ్చాయమ్మ మీద ఫిర్యాదుంది. అది చెప్పుకున్నాకే మిగతా కథ. పుట్టి బుద్ధెరిగాక ఒక్క గింజ తక్కువ కొలవని నాకు, ఆ ఇంటి ఇల్లాలే, పట్టపగలు, పెరట్లో పీట వేసుకు కూర్చుని మరీ దొంగ అడుగు వేయించింది. కడుపులో పెట్టుకుని ఊరుకునే సంగతి కాదిది.

ఇప్పుడన్నీ కాటాలే కాబట్టి దొంగ అడుగంటే చాలామందికి తెలియదు. కొలపాత్ర లోపల, అసలు అడుక్కి కాస్త పైన, ఇంకో రేకు పెట్టి అతికిస్తారు. బయటికి పాత్ర పాత్రలాగే ఉంటుంది. లోపల చోటు తగ్గిపోతుంది. పూర్వం నీతి లేని కొట్లవాళ్లు చేసిన పని అది.

నేను పుట్టింది అజ్జరంలో, ఒక కంచరి కొలిమి దగ్గర. నన్ను చేసినాయన పని పూర్తయ్యాక ఒక గిద్ద తెచ్చి, దానితో నాలో బియ్యం పోశాడు. నాలుగో గిద్ద పోసేసరికి సరిగ్గా అంచు దాకా నిండాను. నాలుగు గిద్దలైతే సోల. నేను నేర్చిన చదువంతా అదే. పెద్ద చదువులు చదివినవాళ్లు లెక్కలు తారుమారు చేయడం చూశాను గానీ, నేను మాత్రం ఆ ఒక్క లెక్కా ఎప్పుడూ తప్పలేదు.

మండపేటలో బియ్యం కొట్టు పెట్టుకున్న సూరన్న నన్ను కొనుక్కున్నాడు. బేరానికొచ్చిన ప్రతివాడి ముందూ నన్ను బోర్లించి, అడుగు మీద వేలి కణుపుతో కొట్టేవాడు. ఖంగుమనేదాన్ని. దొంగ అడుగున్న సోల అలా మోగదు, మొద్దుగా పలుకుతుంది. "విన్నావా? ఇక కొలవమంటావా?" అనేవాడు. కొలత మొదలుపెట్టినప్పుడు ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు. మా వైపు కొలతలన్నీ అలాగే మొదలవుతాయి.

తరవాత కిలోల కాటాలు వచ్చి నన్ను కొట్లోంచి ఇంట్లోకి తోశాయి. వంటింట్లో బియ్యం డ్రమ్ములో పడ్డాను. అప్పుడింట్లో ఆరుగురు. పూటకి మూడు సోలలని సూరన్న లెక్క పెట్టాడు. సూరన్నా ఆయన భార్యా కాలం చేశారు. కొట్టూ ఇల్లూ కొడుకు బుల్లబ్బాయి చేతికొచ్చాయి. ఇంట్లో మిగిలింది నలుగురు: బుల్లబ్బాయి, అతని భార్య అచ్చాయమ్మ, కొడుకు భాస్కరం, కోడలు హైమావతి. మనుషులు తగ్గారు గానీ లెక్క తగ్గలేదు.

ఒకరోజు అచ్చాయమ్మ రెండో సోలతో ఆగింది. వసారాలో కూర్చున్న బుల్లబ్బాయి చెవి వంటింట్లోనే ఉంది.

"మూడోది వినపళ్లేదేంటే?"

"నలుగురికి రెండు చాలండి."

"మా నాన్న పెట్టిన లెక్క. బియ్యం కొట్టోడింట్లో కొలత తగ్గిందంటే నలుగురూ ఏవనుకుంటారు?"

"ఆ నలుగురూ మన వంటింట్లోకొచ్చి సోలలు లెక్కెడతారా?"

"నేనుండగా తగ్గదంతే."

మూడో సోల పడింది. పూటపూటా అన్నం మిగిలేది. గేదె ఉన్నన్నాళ్లూ ఆ మిగిలింది కుడితిలోకి పోయేది కాబట్టి ఎవరికీ పట్టలేదు. అచ్చాయమ్మకి మోకాళ్ల నొప్పులు వచ్చి గేదెని అమ్మేశారు. ఇక మిగిలిన అన్నం పొద్దున్నే వచ్చే మున్సిపాలిటీ చెత్తబండిలో పడాలి. బుల్లబ్బాయి ఒక్కరోజు చూశాడు. తెల్లటి అన్నం కొబ్బరిచిప్పల మీదా, చింపిరి గుడ్డల మీదా పడింది. ఆ రాత్రి నుంచి, అందరూ తిని లేచాక గిన్నె తన ముందుకి లాక్కుని, మజ్జిగ పోసుకుని, ఆవకాయ బద్ద నంజుకుని మొత్తం ఖాళీ చేసేవాడు.

"పొట్టలో పడింది పారేసినట్టు కాదు," అనేవాడు.

"గేదెనమ్మేశాక దాని ఉద్యోగం మీరు పుచ్చుకున్నారు," అనేది అచ్చాయమ్మ.

మనుషుల సంగతి నాకు బోధపడదు. నేను నిండితే నిండినట్టే. ఇంకో గింజ పోస్తే జారి కిందపడుతుంది, అందరికీ కనపడుతుంది. మనిషికి అంచు లేదు. చెత్తబండిలో పోస్తే దండగని ఏడ్చేవాడు, అక్కర్లేని పొట్టలో పోస్తే అది దండగ కాదనుకుంటాడు.

ఆ అన్నం ఊరుకోలేదు. బుల్లబ్బాయికి షుగరొచ్చింది. చెప్పు కరిచి కాలి వేలికి పుండు పడితే, ఎన్నాళ్లయినా ఆరలేదు. డాక్టరుగారు కట్టు విప్పి చూసి, అన్నం సగానికి తగ్గించకపోతే వేలు తీసేయాలని, అక్కడితో ఆగుతుందని కూడా చెప్పలేనని అన్నారు. బుల్లబ్బాయి బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇంటికొచ్చి కంచంలో సగమే పెట్టించుకున్నాడు. ఆ సగం తిని, తరవాత గిన్నెలో మిగిలింది మొత్తం తిన్నాడు.

అచ్చాయమ్మ అన్నం ఫ్రిజ్‌లో దాచింది. పొద్దున్నే ఇడ్లీ తిన్నాక అది కూడా తీసి తినేశాడు. పక్కింటికిస్తే వాళ్లింట్లోనూ మిగిలే ఉంది. చెప్పింది, తిట్టింది, రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. కట్టు మార్చినప్పుడల్లా వేలు ఇంకాస్త నల్లబడుతోంది. చివరికి ఆవిడ చూపు నా మీద పడింది.

గిన్నెలకి కళాయి పూసే ఖాసిం సైకిలు మీద వచ్చాడు. బుల్లబ్బాయి కొట్లో ఉన్నాడు. అచ్చాయమ్మ నన్ను అతని చేతిలో పెట్టి పని చెప్పింది. ఖాసిం నన్ను తిప్పి చూశాడు.

"ఇది సూరన్నగారి సోల కదమ్మా. దీనికి దొంగ అడుగేంటండీ? పాపమండి."

"పాపం నా ఖాతాలో రాసుకో. ఒక గిద్దెడు తగ్గాలి. బయటికి తెలీకూడదు."

"అయ్యగారికి తెలిస్తే నన్ను బతకనివ్వరు."

"ఆయన బతకాలనే చేయిస్తున్నాను. కొలిమి ఊదు."

పక్కనే ఉన్న హైమావతి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. కరిగిన తగరం లోపల పడుతుంటే, సూరన్న వేలి దెబ్బకి మోగిన నా గొంతు మూసుకుపోయింది.

ఆ సాయంత్రం అచ్చాయమ్మ వసారాలోకి వినపడేలా కొలిచింది. లాభం, రెండు, మూడు. బుల్లబ్బాయి తృప్తిగా పేపరు మడిచాడు. భోజనాలయ్యాక గిన్నె లాక్కుంటే అడుగున నాలుగు మెతుకులున్నాయి.

"ఇదేంటే, అయిపోయింది?"

"కొత్తబియ్యంలా ఉన్నాయండి. ఉడికాక ఒదగలేదు."

"నా కొట్లో బియ్యం రెండేళ్ల పాతవి. కొత్తవెక్కణ్ణుంచొస్తాయి?"

"మరి మీ మిల్లువాడేం కలిపాడో."

ఆ మాట పట్టుకున్నాడు. మర్నాడు మిల్లువాడికి ఫోన్ చేసి, పాతబియ్యంలో కొత్తవి కలిపావని దులిపేశాడు. వాడు ప్రమాణాలు చేసినా నమ్మలేదు. ఇంకో బస్తా తెప్పించాడు. అవీ ఒదగలేదు. మూడో బస్తా కూడా అంతే. ఇలా మిల్లుతో తగాదా పడుతుండగానే పుండు చుట్టూ వాపు తీసింది, తరవాత తడి ఆరింది, కట్టు అక్కర్లేకుండా పోయింది. అతను మాత్రం బియ్యం మోసం బయటపెట్టి తీరాలని పంతం పట్టాడు.

అచ్చాయమ్మ కూరగాయల బజారుకెళ్లిన ఒక పొద్దుట, నాలుగు గిద్దల బియ్యం తనే కొలిచి వండించి, ఎంత ఒదుగుతాయో చూద్దామని వంటింట్లోకొచ్చాడు. అటక మీది గిద్ద దించి నాలో బియ్యం పోశాడు. ఒకటి. రెండు. మూడోదానికే నేను నిండిపోయాను. నాలుగో గిద్ద అతని చేతిలోనే ఉండిపోయింది.

బియ్యం ఒలకబోసి, నన్ను బోర్లించి, వాళ్ల నాన్నలాగే వేలి కణుపుతో కొట్టాడు. మొద్దుగా పలికాను.

సూరన్న కొడుకు మొహం ఎర్రబడింది. సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసి, రేకు అంచున ఆనించాడు. ఇక ఒక్క పోటు చాలు, నా గొంతు నాకొస్తుంది. పొడవరా నాయనా అనుకున్నాను. గుమ్మంలో హైమావతి వచ్చి నిలబడింది.

"ఎన్నాళ్లయిందమ్మా ఇది జరిగి?"

"మీ వేలు ఆరడం మొదలైనప్పట్నుంచండి, మావయ్యగారూ."

బుల్లబ్బాయి కిందికి చూశాడు. పుండున్న చోట గులాబీ రంగు కొత్త చర్మం. వేలు కదిపాడు, కదిలింది. చాలాసేపు అలాగే చూసి స్క్రూడ్రైవరు సొరుగులో పడేశాడు. నేనెంత కోరుకున్నా లాభం లేకపోయింది. పక్కన పెట్టిన నాలుగో గిద్ద బియ్యం డ్రమ్ములో వెనక్కి పోసి, నన్ను ముంచి, అంచు దాటిన గింజల్ని అరచేత్తో తోసేసి, పైకే లెక్కపెడుతూ కొలిచాడు. లాభం, రెండు, మూడు. తరవాత మిల్లువాడికి ఫోన్ చేసి, బియ్యం బంగారంలా ఉన్నాయన్నాడు.

అచ్చాయమ్మ బజారు నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది.

"ఏవే, సోల అడుగు కాస్త వదులైంది. ఖాసిం వస్తే గట్టిగా అతికించమను," అన్నాడు బుల్లబ్బాయి పేపరులోంచి తల ఎత్తకుండా.

ఆవిడ చేతిలో సంచీ గడపలోనే దించింది. "అలాగేనండి," అంది.

ఖాసిం మళ్లీ వచ్చాడు, ఈసారి బుల్లబ్బాయే దగ్గరుండి పని చేయించాడు. ఇప్పుడు చెత్తబండి వచ్చినప్పుడు ఆ ఇంటి నుంచి పీచూ తొక్కలే పడుతున్నాయి. రాత్రిళ్లు గిన్నె ఎవరూ లాక్కోవడం లేదు. వేలు దక్కింది, మాట దక్కింది, సూరన్న పెట్టిన లెక్క పొల్లుపోకుండా దక్కింది.

నా ఫిర్యాదు మాత్రం నేను వెనక్కి తీసుకోను. ఇక మోగను. పూటకి మూడుసార్లు తప్పుడు కొలత కొలుస్తాను, ఆ మూడుసార్లూ అంచు దాకా నిండే కొలుస్తాను. కానీ ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నన్ను చేసినాయన నాలో నాలుగు గిద్దల చోటు పెట్టాడు. ఇప్పుడున్నది మూడు. నేను పోగొట్టుకున్నది ఒక గిద్ద.