పది నిమిషాలు ముందున్న ఇల్లు

ఆ రోజు పొద్దున్న దొంగని పట్టుకున్నానని చెప్పి మా మేనేజరు చేత శభాష్ అనిపించుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇళ్ళలో ఆక్సిజన్ మీద ఉన్న రోగుల్ని దూరం నుంచి కనిపెట్టుకుని ఉండే కేంద్రం మాది. ప్రతి ఇంట్లో మంచం పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. మా నర్సు తన తెర మీద ఆ ఇంటి పేరు నొక్కితే రోగి ఊపిరి అంకెలు కనబడతాయి, ఆ ఇంట్లోని ఆక్సిజన్ యంత్రాన్ని ఇక్కడి నుంచే నడపొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఇళ్ళ ఇంటర్నెట్ చిరునామాలు నిలకడగా ఉండి చావవు. కరెంటు పోయి వస్తే చాలు, మారిపోతాయి. అప్పుడు పెట్టె మా సర్వరుకి "నేనిప్పుడు ఇక్కడున్నాను, నా పేరు పక్కన ఈ చిరునామా రాసుకో" అని కబురు పంపుతుంది. ఇన్నాళ్ళూ ఆ కబురు ఎవరు పంపినా సర్వరు గుడ్డిగా నమ్మేసేది. కిందటి వారం ఎవడో ఆకతాయి ఒక పెద్దాయన ఇంటి పేరు పక్కన వేరే చిరునామా రాయించి, ఆయన అంకెలు మాకు కనబడకుండా చేశాడు. ఆయన అదృష్టం బాగుండి బతికిపోయాడు.

అందుకని నేను సీక్రెట్ కీ, అంటే ఒక రహస్య అక్షరాల వరుస, పెట్టాను. అది సర్వరుకీ పెట్టెలకీ తప్ప ఎవరికీ తెలియదు. పెట్టె దానితో కబురు మీద ముద్ర వేస్తుంది, సర్వరు ఆ ముద్రని సరిచూస్తుంది. ముద్రలో టైము కూడా ఉంటుంది. ఎవడైనా పాత కబురుని దారిలో కాజేసి మళ్ళీ పంపితే దొరికిపోవాలని ఆ ఏర్పాటు. రెండు గడియారాలకీ ఐదు నిమిషాలు మించి తేడా వస్తే ఆ కబురు చెత్తబుట్టకే.

ముందు రోజే ఇళ్ళన్నిటికీ కీ చేర్చాం. మా అక్క ఇంటికి మాత్రం నేనే వెళ్ళి పెట్టొచ్చాను. ఊపిరితిత్తులు పాడై మంచానికి అంటుకుపోయిన మనిషి అది. నేను చెయ్యి వేస్తే దానికి ధైర్యం.

పొద్దున్న సర్వరులో కీ అమల్లోకి తెచ్చాను. కాసేపటికి సర్వరు రాసుకునే చిట్టాలో, అదే లాగ్‌లో, ఎర్ర వరుసలు మొదలయ్యాయి. ఎవరిదో తెలియని చిరునామా నుంచి కబురు వచ్చింది, ముద్ర సరిగ్గానే ఉంది, టైము కుదరలేదు, తిరస్కరించడమైనది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. తిరస్కరించిన కబురుకి చిరునామా, కీ పేరు, టైము తప్ప లాగ్‌లో ఏమీ మిగలవు; అన్ని ఇళ్ళకీ ఒకటే కీ కాబట్టి ఇల్లెవరిదో తెలియదు.

"చూశారా సార్, కాజేసిన పాత కబుర్లు పంపుతున్నాడు వెధవ" అని మేనేజరుకి చూపించాను.

"చూస్తూ కూర్చుంటావేంటమ్మా, వాడికి తలుపు మూసెయ్" అన్నారాయన.

ఆ చిరునామా నుంచి ఏదీ లోపలికి రాకుండా మొత్తానికే అడ్డం పెట్టేశాను. ఎర్ర వరుసలు టక్కున ఆగిపోయాయి. హాయిగా టీ తెచ్చుకున్నాను.

కప్పు సగం కూడా కాలేదు, నర్సు వచ్చింది. "మీ అక్కగారి తెర ఖాళీగా ఉందండీ. వాళ్ళ వీధిలో కరెంటు పోయి వచ్చిందట. మామూలుగా అదే వచ్చేస్తుంది కదా అని చూస్తున్నాను. రావట్లేదు."

అక్కకి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మా బావ సిటీ బస్సు నడుపుతాడు, బండెక్కితే ఫోన్ కట్టేస్తాడు. పక్కవాటా ఖాళీగా ఉంది. అంబులెన్సు వాళ్ళు వరసలో ఉంచుతామన్నారు.

"మన వ్యాన్ పంపించు తల్లీ" అన్నాను నర్సుతో.

"ఉన్నది ఒక్కటే బండి, ఇంకొకరి కోసం వెళ్తోంది. తెర ఖాళీ అంటే బండ్లు చూసే కంట్రోల్ రూములో మళ్ళించరండీ. అంకెలు పడిపోతున్నాయని చూపిస్తేనే మళ్ళిస్తారు."

ఆ అంకెలే కదా లేనిది. సర్వరులో కీ, పెట్టెలో పెట్టిన కీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాను. తేడా లేదు. మరి నా ముద్దుల అక్క పెట్టె ఎందుకు నోరు మూసుకుంది? ఏం చెయ్యాలో తోచక, నేను తలుపు మూసేసిన ఆ దొంగ ఆఖరి కబురు తాలూకు వరుసని విప్పి చూశాను.

అందులో టైము పాతది కాదు. పది నిమిషాలు ముందుంది.

దొంగ పాత కబురు పంపుతాడు. ఇంకా రాయని కబురు ఎక్కడ కాజేస్తాడు? పది నిమిషాలు ముందు బతికే కొంప ఈ ఊళ్ళో ఏది?

ఎప్పుడో మొదటి ట్రిప్పు తప్పిపోయి మాటపడ్డ దగ్గర్నుంచీ మా బావ ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతాడు. గోడదీ, చేతిదీ, వంటింట్లోదీ. "మీ గడప తొక్కితే నా వయసు పెరుగుతుంది బావా" అని ఆటపట్టించేదాన్ని. పెట్టె ముఖం మీద కూడా టైము కనబడుతుంది. దాన్ని మాత్రం వదులుతాడా మహానుభావుడు? కీ పెడుతూ దాని ముందే కూర్చున్నాను, అటు చూడనైనా లేదు.

"ఆ చిరునామా అక్కదే" అన్నాను.

"కాకపోతేనండీ? నిజంగా వాడిదే అయితే?" అంది నర్సు.

కాకపోతే మా అక్క ప్రాణాన్ని నేనే వాడి చేతిలో పెట్టినట్టు. అయినా అడ్డం తీసేశాను. పెట్టె చెయ్యలేకపోయిన పని నేనే చేశాను. అదే కీతో ముద్ర వేసి, అక్క ఇంటి పేరు పక్కన ఆ చిరునామా రాశాను. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి సరిగ్గా కొట్టాను.

తెర వెలిగింది. అంకెలు బాగా పడిపోయి ఉన్నాయి. కరెంటు వచ్చాక ఆక్సిజన్ యంత్రం మళ్ళీ మొదలు కాలేదు. ఆమె ఒక చేత్తో ఇక్కడి నుంచే దాన్ని నడిపిస్తూ, రెండో చేత్తో కంట్రోల్‌కి ఫోన్ కలిపింది. ఈసారి వ్యాన్ మళ్ళించారు. అంతలో నా తెర మీద కబుర్లు గుంపుగా వచ్చి పడ్డాయి. పెట్టె మీద ఆపద బటన్ నొక్కినప్పుడల్లా వచ్చే కబుర్లు అవి. నేను తలుపు మూశాక నొక్కినవన్నీ ఇప్పుడు లోపలికి వచ్చాయి.

నర్సు స్పీకర్ తెరిచింది. "అమ్మా, వినబడుతోందా?"

ఈలేసినట్టు ఊపిరి మాత్రం వినబడుతోంది. దేవుళ్ళందరికీ మొక్కాను, బావని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను. అంకెలు నత్తనడక నడుస్తూ పైకి వచ్చాయి. చివరికి వ్యాన్ వాళ్ళు తలుపు పగలగొట్టిన చప్పుడు వినబడింది. "ప్రాణానికి ఫరవాలేదు, తీసుకెళ్తున్నాం" అన్నారెవరో. కుర్చీలో కూలబడి ఏడ్చాను.

మంచం మీద నుంచి లేపుతుండగా అక్క గొంతు వచ్చింది. "చెల్లీ, ఉన్నావా?"

"ఉన్నానక్కా. ఫోన్ ఎందుకు ఎత్తలేదే? చచ్చిపోయాననుకో నేనిక్కడ."

"అవతల గదిలో మోగింది." మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. "పాకుతూ అయినా వెళ్ళేదాన్నే. ఎందుకులే అనుకున్నా. బటన్ నొక్కుతున్నాగా. అటు కూర్చుని చూసేది నువ్వే కదా."

"అవునక్కా, నేనే" అన్నాను.