గంధం బొట్టు పెట్టిన సీడీ

విజయదశమి పొద్దున కొత్త పని మొదలుపెడితే కలిసొస్తుందని అభినయ నిన్నటి ఆయుధపూజలోంచి లేపిన కంప్యూటర్లో సంగీతం సాఫ్ట్‌వేర్ కొత్త వర్షన్ ఎక్కించింది. పాతది తనంతట తానే తప్పుకుంది. తొమ్మిదీ నలభైకి టెంప్లేట్ తెరిచింది. ఎనభై నాలుగు ట్రాకుల పటాలం అది. ప్రతి ట్రాకు వెనకా ఒక ప్లగిన్, అంటే కంప్యూటర్లో కూర్చుని వీణో వయొలినో వాయించిపెట్టే చిన్న ప్రోగ్రాం. వాటిలో ముప్పై ఒకటి మూగనోము పట్టాయి. తాళం వేయాల్సిన మృదంగం తన గదికే తాళం వేసుకుంది. మూర్ఛనలు పలకాల్సిన వీణకు మూర్ఛ వచ్చింది.

తెర మీద ఒకటే మాట: పాత ఫార్మాట్ ప్లగిన్లను ఈ వర్షన్ తీసుకోదు.

పదిన్నరకు డైరెక్టర్ తిరుమలై వస్తాడు. పెదనాయన పురుషోత్తమన్ ఇరవై ఏళ్లు సీరియళ్లకూ సబ్బు ప్రకటనలకూ ట్యూన్లు కట్టి, నురగ తప్ప మరేమీ మిగలక, నలభై తొమ్మిదో ఏట మొదటి సినిమా గడప దాకా వచ్చాడు. ఇవాళ ఈ మూడు నిమిషాల ముక్క నచ్చితే సినిమా ఆయనది. లేకపోతే ఇంకెవరిదో.

"పెదనాయనా, పాత వర్షన్ సీడీ యాడ పెట్టినారు?"

"ఏందిమా, కొత్తది బాగుంది అంటివే!"

"అది బాగుంది. మన వీణకే బాగాలేదు."

పురుషోత్తమన్ తెరవైపు చూశాడు. లయ తెలిసిన మనిషికి ప్రళయం తెలియడానికి ఎంతసేపు? "జయా! సీడీ యాడ?" అని కదిర్కామం పేట అంతా వినబడేలా అరిచాడు.

జయలక్ష్మమ్మ పూజ గదిలోంచి పళ్లెంతో వచ్చింది. కత్తెర, స్క్రూడ్రైవర్, హార్మోనియం తాళంచెవి, వాటి మధ్య సీడీ. అద్దంలా మెరిసే వైపున మూడు గంధం బొట్లు, నడుమ కుంకుమ.

"పెద్దమ్మా! ఈ పక్కనా పెట్టేది?"

"ఆ పక్క రాతలుండాయి గదే. రాత అంటే సరస్వతి. రాతల మీద గంధం ఎట్ల పూస్తాను?"

నిన్నటి గంధం, బాగా ఎండిపోయింది. అభినయ దూదిని నీళ్లలో ముంచి, గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయని, నడుమ నుంచి అంచుకు నిదానంగా తుడిచింది. సీడీ లోపలికెళ్లింది. పది శాతం. నలభై. డెబ్బై ఒకటి దగ్గర ఆగి, గొంతులో ముల్లు ఇరుక్కున్న పిల్లిలా గురగుర మంది.

"నా జాతకంలో ఏడో ఇల్లు బాగాలేదని తెలుసు, ఏడు పదులు కూడానా!" అన్నాడు పురుషోత్తమన్.

"మీరు కాస్త నోరు మూసుకోండి. పాపను పని చేసుకోనీండి," అంది జయలక్ష్మమ్మ.

బయటికి తీసి వెలుతురుకు పట్టి చూస్తే అంచున పసుప్పచ్చని పొర. తడి దూది, తర్వాత మెత్తటి పంచె కొంగు. మళ్లీ లోపలికి. డెబ్బై ఒకటి. డెబ్బై రెండు.

పదీ పంతొమ్మిదికి పాత వర్షన్ ఎక్కింది. టెంప్లేట్ తెరుచుకోవడానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. తిరుమలై మాత్రం కాలాపేటలో లొకేషన్ చూసుకుని అట్నుంచి అటే, చెప్పిన టైముకి మూడు నిమిషాలు ముందే దిగిపోయాడు.

పురుషోత్తమన్ కాఫీ ఇచ్చాడు, శనగల సుండల్ ఇచ్చాడు, నవరాత్రి కబుర్లు చెప్పాడు. ట్రాకులు ఒక్కొక్కటే లేచాయి. అరవయ్యో ట్రాకు దగ్గర తెర తెల్లబోయింది. అభినయ మొహమూ తెల్లబోయింది. అప్పుడు మౌస్ కదిపితే అంతా కూలుతుందని ఆమెకు తెలుసు. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఏమప్పా, నిద్రపోయిందా?" అన్నాడు తిరుమలై.

"శ్రుతి చేసుకుంటా ఉంది," అన్నాడు పురుషోత్తమన్.

తెర మీద బొమ్మ తిరిగొచ్చింది. అరవై ఒకటి. డెబ్బై. ఎనభై నాలుగు. అభినయ మీట నొక్కింది. వీణ పలికింది, మృదంగం తలుపు తెరిచింది. మూడు నిమిషాలూ ఎక్కడా తడబడకుండా సాగింది.

తిరుమలై బాగుందనలేదు. "పొంగల్ తర్వాత ఎడిటింగ్‌లో సినిమా మళ్లీ కోస్తాను. అప్పుడు ఇదే వీణ ఇట్లే పలుకుతాదా? పోయిన సినిమాకి ఒకాయన ఉండె. రెండు నెలలకు ఫైల్ తెరిస్తే సగం వాద్యాలు లేవు. అప్‌డేట్ అన్నాడు. నా రిలీజ్ డేట్ పాయె."

"మా దగ్గర అట్లాంటివి..." పురుషోత్తమన్ మొదలుపెట్టాడు.

"జరుగుతాయి సార్," అంది అభినయ. "ఈ పొద్దే జరిగింది. నేనే కొత్త వర్షన్ ఎక్కిస్తిని. ముప్పై ఒక్క ట్రాకులు పోయె. మీరు వచ్చేలోపు పాతది తిరిగి ఎక్కిస్తిమి."

పురుషోత్తమన్ తిరుమలై గ్లాసులో ఇంకాస్త కాఫీ పోశాడు.

"అయితే నేనెట్ల నమ్మేది?" అన్నాడు తిరుమలై.

"మీ సినిమా అయ్యేదాకా ఈ మిషన్లో కొత్తది ఏదీ ఎక్కించను. నెట్ కూడా తీసేస్తాను."

"మాటలకేంమా, అందరూ చెప్తారు."

అభినయ టేబుల్ కిందికి వంగి నెట్ కేబుల్‌ని రెండు వైపులా పీకింది. చుట్ట చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "మీ దగ్గరే ఉంచుకోండి సార్."

తిరుమలై దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమప్పా పురుషోత్తమా, మరి మెయిల్?"

"వీధి చివర బ్రౌజింగ్ సెంటర్ ఉందిలే," అన్నాడు పురుషోత్తమన్.

తిరుమలై కేబుల్‌ని తన తోలు సంచిలో వేసుకున్నాడు. కుర్చీని అభినయ పక్కకి జరుపుకున్నాడు.

"రెండో నిమిషం కాడ పెట్టుమా. ఆ వయొలిన్లు కాస్త తగ్గించు, వీణ వినబడల్లా."