పాముకి దారి ఇచ్చిన మధ్యాహ్నం

ఆ దీవిలో నర్సమ్మ రోజు బూట్లు దులపడంతో మొదలయ్యేది. రెండింటినీ తలకిందులు చేసి గడపకేసి కొట్టి, లోపల ఎవరూ కాపురం పెట్టలేదని చూసుకున్నాకే కాలు పెట్టాలి. అది నేర్పింది ఆసుపత్రి ఆయా. ఊరంతా ఆవిణ్ణి పెద్దక్క అనేవారు. ఇళ్ళకి వెళ్ళేటప్పుడు కర్రతో నేలను తట్టుకుంటూ ముందు నడిచేది. "వస్తున్నామని పాములకి తెలియాలి కదమ్మా. చెప్పాపెట్టకుండా మీద పడితే ఎవరికైనా కోపం రాదూ?" అనేది.

పాముకి దారి ఇచ్చి నిలబడినంత సేపూ కాలం నడవదని అక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. పొయ్యి మీద పాలు పెట్టిన ఇల్లాలు, పెరట్లో పాము వెళ్ళేదాకా ఆగి వచ్చినా పాలు పొంగేవి కావు. బడికి ఆలస్యంగా వచ్చి పాము మీద నెపం పెట్టిన పిల్లల్ని, "పాము అడ్డొస్తే ఆలస్యం ఎలా అవుతుందిరా?" అని మేష్టారు బెంచీ ఎక్కించేవారు. దాన్ని కెలికినవాళ్ళకి మాత్రం గడియారం మామూలుగానే తిరిగేది.

నర్సమ్మ పట్నం నుంచి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం పడవ నడిపే అతను రొప్పుకుంటూ వచ్చాడు. భార్యకి ఉమ్మనీరు పోయిందట. ఆ మాట చెప్పి వచ్చిన దారినే పరుగెత్తాడు. పోయినేడు నర్సు చేరేసరికే వాళ్ళ బిడ్డ దక్కలేదు. అప్పటి నర్సు ఈమె కాదు. అయినా నర్సమ్మ సర్దిన సంచీని విప్పి మళ్ళీ సర్దింది.

గుట్ట దిగుతుంటే పెద్దక్క కర్ర ఆగింది. రెండు బండల మధ్య, సరిగ్గా దారి సన్నబడిన చోట, రక్తపింజరి చుట్ట చుట్టుకుని ఎండ కాచుకుంటోంది.

నర్సమ్మ వాచీ చూసుకుంది. రెండూ ఇరవై. "గడ్డిలోంచి చుట్టు తిరిగి పోదాం."

"వద్దు. గడ్డిలో ఇంకోటి ఉంటే కనబడదు. మెల్లిగా నాలుగడుగులు వెనక్కి రా."

"అక్కడ ఆ పిల్ల నొప్పులు పడుతోంది, పెద్దక్కా."

"అందుకే ఆగమంటున్నాను."

ఆగారు. పాముకేం తొందర లేదు. దారిలో చెట్ల చినుకులకి తడిసిన బట్టలు ఒంటిమీదే ఆరిపోయాయి. పెద్దక్క తన నలుగురు పిల్లల పురుళ్ళ సంగతీ, ఇద్దరు అల్లుళ్ళ అలకలూ చెప్పుకొచ్చింది. నర్సమ్మ వింటూ, మెడకి బొడ్డుపేగు చుట్టుకుంటే ఏం చేయాలో, బిడ్డకి ఊపిరి అందకపోతే ఏం చేయాలో మనసులో ఒక్కొక్కటే నెమరు వేసుకుంది. పరీక్షల ముందు కూడా అంత నిదానంగా చదవలేదు. సంచీలో ఏది ఎక్కడుందో ఇక మళ్ళీ చూసుకోలేదు.

చివరికి రక్తపింజరి బద్ధకంగా చుట్ట విప్పుకుని బండ కిందికి జారిపోయింది. తోక చివర కూడా కనుమరుగయ్యాక పెద్దక్క కర్ర తట్టి అడుగు వేసింది.

వాచీలో రెండూ ఇరవయ్యే.

వాళ్ళు గడప దాటేసరికి బిడ్డ తల కనిపిస్తోంది. మెడ చుట్టూ పేగు. నర్సమ్మ వేలు పోనిచ్చి, తల మీదుగా దాన్ని తప్పించింది. బిడ్డ నీలంగా, మెత్తగా చేతుల్లోకి జారింది. నోరు తుడిచి, వీపు రుద్ది, మళ్ళీ రుద్దింది. అప్పుడు బిడ్డ ముఖం చిట్లించి గుక్కపట్టి ఏడ్చింది.

నర్సమ్మ గుడ్డలో చుట్టి ఊరుకోబెట్టబోతే, తల్లి నీరసంగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"కాసేపు ఏడవనీ నర్సమ్మా. పోయినసారి ఎంత చెవులు రిక్కించినా వినబడలేదు."

ఆ తర్వాత నర్సమ్మ ఎన్నో ఊళ్ళు తిరిగింది, వందల పురుళ్ళు పోసింది. కళ్ళు మూసుకుంటే మాత్రం ఇప్పటికీ ఆ మధ్యాహ్నమే. కిటికీ అవతల సముద్రం, బిడ్డ ఏడుపు, ఊరుకోబెట్టకుండా వింటూ కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళు.