రొక్కు వీధికి ఒక టికెట్టు

మా ఊళ్ళో గైడు వెంట నడిచి చూసే టూర్లు మూడున్నాయి. అందులో ఒకటి నాది. మా అమ్మ నాది వద్దంది.

ఇరవై రెండేళ్ళుగా మెళ్ళో లైసెన్సు బిళ్ళ వేసుకుని ఈ మాల్టా కోట ఊళ్ళో గైడుగా తిరుగుతున్నాను. ఏ రాయి ఏ యుద్ధంలో పగిలిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటిది, ఆ బుధవారం పొద్దున మా అమ్మ చెన్సా, ఎనభయ్యేళ్ళ మనిషి, రేవు దగ్గర కోట తలుపు పక్కనున్న బోర్డు ముందు కళ్ళజోడు సర్దుకుని నిలబడి, చేపల బేరానికొచ్చినట్టు ఒక్కో టూరునూ విచారించింది.

"ఇదెవరిది?"

"ఇటలీ నుంచి వచ్చిన పిల్లది. గొడుగు పైకెత్తి ముందు నడుస్తుంది. టికెట్టు లేదు, చివర్లో తోచింది ఇవ్వడమే."

"ఊరికే చూపించేదానికి ఏం తెలుస్తుంది? ఇదో?"

"అది నాదమ్మా. కోట గోడలు. రెండు గంటలు."

"మెట్లెన్ని?"

"నూట పద్దెనిమిది."

"రొక్కు వీధిలోకి వెళ్తుందా?"

వెళ్ళదని ఆమెకి తెలుసు. తెలిసే అడిగింది.

"మరి ఈ మూడోది?"

"విస్తీన్‌ది. వాడి ఇల్లే ఆ వీధిలో. వెళ్ళక చస్తాడా?"

"అయితే శుక్రవారానికి నాకు విస్తీన్ టికెట్టు తీసుకో."

నాకు తల కొట్టేసినట్టయింది. గైడు తల్లి పోయి పోయి పోటీవాడి టూరులో నడిస్తే రేపు కాఫీ కొట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

మా ఊరికి ఇద్దరు పునీతులు, రొక్కు, కతరీనా. రొక్కు వాళ్ళది నీలం రంగు, కతరీనా వాళ్ళది ఎరుపు. ఎవరి బ్యాండు వారిది, ఎవరి పండుగ వారిది, ఎవరి వీధి వారిది. మధ్యలో ఉన్నది ఒక చిన్న కూడలి, అంతే. మేం కతరీనా వాళ్ళం. మా నాన్న నజ్జరేను పోయేదాకా ఆ బ్యాండులో డోలు వాయించాడు. నా టూరు రొక్కు వీధి మొదట్లోకి రాగానే, "అటు చూడ్డానికేం లేదు, ఇళ్ళే" అని జనాన్ని పక్కకి తిప్పేస్తాను. విస్తీన్ మా వీధి దగ్గర సరిగ్గా అదే మాట అంటాడని విన్నాను. ఇద్దరికీ సిగ్గులేదు.

అసలు మా అమ్మ పుట్టింది రొక్కు వీధిలో, పంతొమ్మిదో నంబరు ఇంట్లో. డోలు వాయించేవాణ్ణి చేసుకుని ఇటు వచ్చింది. పెళ్ళయిన మూడో ఏడు, రొక్కు పండుగనాడు పుట్టింటికి వెళ్ళి, ఊరేగింపు వచ్చే వేళకి ఎర్ర గౌనుతో బాల్కనీలో నిలబడిందట. వీధంతా నీలం జెండాలు, మధ్యలో ఈమె ఎర్రగా. అక్క పౌలీనా జబ్బ పట్టి లాక్కెళ్ళి బయటికి గెంటి తలుపేసింది. "నువ్వు నీ చేత్తో తాళంచెవి ఇస్తే తప్ప ఈ గడప తొక్కను" అని వీధిలో నిలబడి మా అమ్మ ఒట్టేసింది. నేను పుట్టకముందు మాట. అప్పట్నుంచి అక్కచెల్లెళ్ళు రెండువందల అడుగుల దూరంలో బతుకుతూ, తల్లిని పూడ్చిన రోజు కూడా గోతికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు.

"అమ్మా, అంత వెళ్ళాలనుంటే నేను తీసుకెళ్తాను పద," అన్నాను.

"నువ్వు తీసుకెళ్తే నేను వెళ్ళినట్టు. వాడు తీసుకెళ్తే డబ్బిచ్చి చూడ్డానికి వెళ్ళినట్టు. తేడా లేదూ?"

"ఇప్పుడేం ముంచుకొచ్చిందని?"

"విస్తీన్ రోజూ పౌలీనా బాల్కనీ కింద నిలబడి నా కథ చెబుతున్నాడట. పునీతుణ్ణి వెక్కిరించడానికి ఎరుపేసుకున్నానట! రొట్టెల కొట్లో చెప్పారు. దాని కాళ్ళు పడిపోయాయి, పొద్దస్తమానం ఆ బాల్కనీలోనే కూర్చుంటుంది. రోజూ అబద్ధమే వింటోందే అది. నేనో, అదో పోయేలోగా నిజం వినాలి."

"ఏంటమ్మా ఆ నిజం?"

"టూరులో చెప్తాను. కావాలంటే నువ్వూ టికెట్టు కొనుక్కో."

కొనుక్కున్నాను. ఏం చేస్తాం?

శుక్రవారం పదింటికి అమ్మ కొత్త తెల్ల బూట్లు తొడుక్కుని, చర్చి సంచీ రెండు చేతుల్తో పొట్టకి పట్టుకుని కోట తలుపు దగ్గరికి వచ్చింది. పదకొండుమంది విదేశీయులు, వాళ్ళ మధ్య ఈమె. విస్తీన్ నన్ను చూడగానే నవ్వాడు. మేమిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం, అప్పుడూ ఇదే వెకిలి నవ్వు.

"ఏం సల్వీనా, పని నేర్చుకుందామని వచ్చావా?"

"నువ్వు ఎన్ని తప్పులు చెబుతావో లెక్కేద్దామని వచ్చాను."

అప్పుడు మా అమ్మని చూశాడు. నవ్వు ఆగిపోయింది. "చెన్సత్తా, మీకు టికెట్టేంటి? ఊరికే రండి."

"ఊరికే వస్తే చుట్టాన్నవుతాను. ఇదిగో పదిహేను యూరోలు. వీళ్ళందరికీ ఏం చూపిస్తావో నాకూ అదే చూపించు. ఒక్కటి కూడా తగ్గించకు."

గంట నడిచింది. నేను చెయ్యి అందిస్తే విదిలించుకుంది. బెంచీలు కనబడితే అటు చూడనైనా చూడలేదు. పదకొండు కావస్తుండగా రొక్కు వీధి మొదటికి చేరాం. అక్కడ ఒక్క క్షణం ఆగింది. సంచీ చంకన పెట్టుకుని, విస్తీన్ వీపు మీదే చూపు నిలిపి లోపలికి నడిచింది.

గుమ్మాలు కడుగుతున్న ఆడవాళ్ళ చేతుల్లో చీపుళ్ళు ఆగిపోయాయి.

"ఎవరదీ, చెన్సానా? దారి తప్పావా ఏంటి?"

"డబ్బిచ్చి వచ్చానే. అడ్డు తప్పుకో," అంది మా అమ్మ.

పంతొమ్మిదో నంబరు దగ్గర విస్తీన్ ఆగకుండా సాగిపోబోయాడు. పైన ఆకుపచ్చ చెక్క బాల్కనీ, అద్దాల తలుపులు ఓరగా తెరిచి ఉన్నాయి. లోపల ఒక తెల్ల తల కనిపించింది.

"ఆగు," అంది అమ్మ. "ఇక్కడ రోజూ చెప్పేది చెప్పు."

"ఇవాళ వద్దులే అత్తా..."

"డబ్బులు తీసుకున్నావుగా. చెప్పు."

చెప్పాడు. ఇంగ్లీషులో, నేల చూపులు చూస్తూ. మా అమ్మకి ఇంగ్లీషు బాగా తెలుసు, పెళ్ళికి ముందు ఇంగ్లీషువాళ్ళ నౌకా బలగం చాకిరేవులో ఆరేళ్ళు పనిచేసింది. పునీతుణ్ణి అవమానించడానికి ఎర్ర గౌను వేసిన చెల్లెలు అనే చోటికి వాడు రాగానే, చెయ్యెత్తింది.

"తప్పు."

అది విస్తీన్‌తో అన్నది కాదు. తల వెనక్కి వాల్చి, బాల్కనీ వైపు చూస్తూ, మా భాషలో, వీధి చివరిదాకా వినబడేలా అంది.

"వెక్కిరించడానికి కాదు. నాకప్పుడు ఆరో నెల. నా గౌన్లేవీ పట్టలేదు. మా అత్తగారిది ఒక్కటే వదులుగా ఉంటే అది తొడుక్కొచ్చాను. అది ఎరుపైతే నేనేం చెయ్యను? అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఏడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదని నోరు కట్టేసుకున్నాను. ఆ సాయంత్రం నీ ఒక్కదానికీ చెబుదామని వచ్చాను పౌలీనా!"

ఆ ఆరో నెల నేనే. ఆ తగువుకీ నాకూ ఒకే వయసని యాభై అయిదేళ్ళు వచ్చాక, పదకొండుమంది పరాయివాళ్ళ మధ్య నిలబడి తెలుసుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

పైనుంచి గొంతు వచ్చింది. బొంగురుగా, కోపంగా.

"మరి చెప్పి చావలేదేమే?"

"తలుపేసేశావుగా!"

"కొట్టొచ్చుగా!"

"మూడుసార్లు కొట్టాను! గుద్దాను!"

"ముదనష్టపు బ్యాండు! కిటికీ కిందే వాయిస్తుంటే ఎలా వినబడుతుందే!"

ఎర్రటోపీ పెట్టుకున్న ఒకాయన ఏం జరుగుతోందని విస్తీన్‌ని అడిగాడు. ఏ ప్రశ్నకైనా మూడు జవాబులు చెప్పే విస్తీన్ వేలితో బాల్కనీ చూపించాడు, అంతే. నేను వెళ్ళి అమ్మ పక్కన నిలుచున్నాను.

బాల్కనీ తలుపు కిర్రుమంది. రొట్టెలవాడు వచ్చినప్పుడు దింపే బుట్ట, తాడు మీద ఊగుతూ కిందికి రావడం మొదలుపెట్టింది. మధ్యలో గోడకి తట్టుకుని ఆగింది. పైనున్న చెయ్యి తాడుని విదిలించింది, మళ్ళీ దిగింది. అందులో పాత ఇనప తాళంచెవి, దానికి వెలిసిపోయిన నీలం రిబ్బను.

అమ్మ దాన్ని తీసుకుని, అరచేతిలో ఒకసారి తిప్పి చూసి, గుప్పిట మూసింది.

"విస్తీన్, నా టూరు ఇక్కడితో అయిపోయింది. రేపట్నుంచి కథ సరిగ్గా చెప్పు."

"చెప్తాను అత్తా."

"అమ్మా, నేనూ వస్తాను," అన్నాను.

"నువ్వు తర్వాత. ముందు మేం పోట్లాడుకోవాలి, యాభై అయిదేళ్ళది బాకీ ఉంది. మిగతా టూరు చూసి రా, టికెట్టు దండగ చెయ్యకు."

తాళం తిరిగింది. తలుపు మూసుకుంది. లోపల మెట్ల మీద ఆ కొత్త బూట్ల చప్పుడు ఒక్కో మెట్టుకీ ఆగుతూ పైకి వెళ్ళింది.

విస్తీన్ గొంతు సవరించుకుని జనాన్ని ముందుకి రమ్మన్నాడు. వీధి కొంచెం దూరంలో ఎడమకి తిరుగుతుంది. ఈ ఊళ్ళో పుట్టాను, ఈ ఊరిని చూపించి బతుకుతున్నాను, ఆ మలుపు దాటి ఒక్కనాడూ అడుగు పెట్టలేదు. కళ్ళు తుడుచుకుని, అందరిలాగే చెయ్యెత్తాను.

"అటువైపు ఏముంది?" అని అడిగాను.