సుక్కమ్మ మారుమనువు

ఆలేరుకు అవతలి పల్లెల గత్తర తగిలి, వాంతులు బేదులై కురుమయ్య ఒక్క పగట్లనే పోయిండు. వాని పెండ్లాం సుక్కమ్మ అప్పటికింకా పసితనం పోని పిల్ల. ఇంట్ల మిగిలింది అత్త బిక్షమ్మ, పెండ్లికాని మరిది సైదులు. దొర గడీల వెట్టి మాత్రం తగ్గలేదు. చచ్చినోని వంతు గూడ బతికున్నోళ్లే చెయ్యాలె.

ఏడాది దాటినంక బిక్షమ్మ కోడలిని పక్కన కూసోబెట్టుకున్నది. "బిడ్డా, నువ్వు పోతే నాకు దిక్కులేదు. సైదులుకు నిన్ను ముడేస్త. మన కులంల ఇది తప్పు గాదు. ఏమంటవ్?"

సుక్కమ్మ తల వంచుకొని సరేనన్నది. సైదులు నిమ్మళమైన మనిషి. అన్న పోయినప్పటి సంది ఆమె మొయ్యవలసిన కట్టెలు గూడ తనే మోసి గడీల పడేసి వచ్చేటోడు. మోసిన సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

కిరస్తానం పుచ్చుకున్న ఇల్లది. గుడిల పెండ్లి చెయ్యుమని అడగబోతే అయ్యగారు తల అడ్డంగ ఊపిండు.

"అన్న భార్యను తమ్ముడు చేసుకోవద్దని మోషే ధర్మశాస్త్రంల ఉన్నదమ్మా. అది అపవిత్రం. అట్లాంటోళ్లకు సంతానం నిలువదట."

సుక్కమ్మకు చదువు రాదు గాని చెవిన పడ్డ మాట మరిచేది కాదు. "అన్న సచ్చినంక తమ్ముడు ఆమెను ఏలుకోనంటే, వాని చెప్పు ఊడదీసి మొకాన ఉమ్మెయ్యాలని మొన్న మీరే చెప్తిరి గద అయ్యగారూ. గది గూడ మోషే చెప్పిందేనాయె."

"అది ఆ కాలపోళ్లకు."

"మరి గిది ఎవ్వలకు?"

ఆయన పుస్తకం మూసి, పెద్ద పాదిరిని అడిగి చెప్తనన్నడు. వానలు వచ్చినయి, పోయినయి. ఏ కబురూ రాలేదు. ఆఖరికి బిక్షమ్మే ఇంట్ల నల్లపూసలు కట్టించింది. ఆ ఆదివారం సంది ఇద్దరికీ గుడిల రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల కాడ జాగా లేకుండ పోయింది.

మరుసటేడు కొడుకు పుట్టిండు. బిక్షమ్మ ఏడ్చుకుంట, నవ్వుకుంట వానికి కురుమయ్య పేరే పెట్టింది. నెల తిరగకముందే పిలగాడు చన్ను పట్టుడు మానేసిండు. ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. ఆలేరుల రైలెక్కి భువనగిరి దవాఖానకు పోదామని, బండి అడుగుతందుకు సైదులు గడీకి ఉరికిండు. గడీ జవాను బండి ఇయ్యలేదు సరికదా, దొర చుట్టాలొచ్చిన్రని నీళ్లు మొయ్య నిలబెట్టిండు.

ఎంత చూసినా మొగడు రాకపాయె. సుక్కమ్మ పిలగాన్ని కొంగుల చుట్టుకొని లేచింది. స్టేషన్ తొవ్వ పట్టవలసిన కాళ్లు గుడి దిక్కు తిరిగినయి. రోగానికైతే దవాఖానల మందిస్తరు. సంతానం నిలువదన్న ఆ మాటకు మందు ఎవరిస్తరు?

"అయ్యగారూ, గా మాట వాపసు తీసుకోండ్రి! సైదులును ఇడిసిపెడ్త. ఇప్పుడే మా తల్లిగారింటికి పోత. నా కొడుకును ఉంచుమని దేవునికి చెప్పుండ్రి!"

ఆయన పిలగాని నొసలు ముట్టి ఉలిక్కిపడ్డడు. "ఇది శాపం గాదు తల్లీ, జ్వరం. ముందు దవాఖానకు నడువు. నేను గూడ వస్త."

"జ్వరమే అయితే గా మాట నాకెందుకు చెప్తిరి?"

ఆయన పిలగాన్ని చేతులకు తీసుకొని గబగబ నడిచిండు. జొన్నచేన్ల నడుమకు పోయేసరికి ఆ చేతుల్లనే పిలగాడు సల్లబడ్డడు. అప్పుడే తడిబట్టల మీద ఉరికొచ్చిన సైదులు వాళ్లను చూసి, అడుగు పడక అక్కడనే నిలబడ్డడు.

గుంత అయ్యగారే తవ్విండు. పార్థన చేసిండు. అందరు ఆమెన్ అన్నరు. సుక్కమ్మ అనలేదు.

ఇంటికి వస్తుంటే సైదులు మెల్లగ అడిగిండు. "అయ్యగారితోని నన్ను ఇడిసిపోతనన్నవట?"

"అన్న."

"పోతవా?"

ఆమె రొమ్ములు సలుపుతున్నయి, రైక ముందర తడిసిపోయింది. "పాలొస్తున్నయి సైదులూ," అన్నది. "నేనేం చెయ్యాలె?"